అడ్మిరాల్టీ ఇన్‌లెట్ మూడు కోటలు: ఏది ముందు చూడాలి, ఎక్కడ బస చేయాలి

పసిఫిక్ మహాసముద్రం నుంచి సియాటిల్ వైపు వచ్చే పెద్ద ఓడ ఏదైనా హువాన్ డి ఫూకా జలసంధి చివరిదాకా వచ్చి, అక్కడ దక్షిణానికి తిరిగి, అడ్మిరాల్టీ ఇన్‌లెట్ అనే ఇరుకు నీటిదారిలో ప్రవేశించవలసిందే. ఆ మలుపు దగ్గర ఒక ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు స్పష్టంగా కనబడుతుంది. మధ్య దూరం నాలుగు మైళ్ళకు మించదు. లోపలికి పోతే సియాటిల్, టకోమా నగరాలు, 1891లో మొదలైన బ్రెమర్టన్ నౌకాదళ కేంద్రం వస్తాయి. వీటిని కాపాడుకోవడానికి అమెరికా సైన్యం 1890ల చివర ఈ మలుపు చుట్టూ మూడు కోటల నిర్మాణం మొదలుపెట్టింది. విడ్బీ దీవి మీద ఫోర్ట్ కేసీ, పోర్ట్ టౌన్‌సెండ్ పట్టణం పక్కన ఫోర్ట్ వార్డెన్, మారోస్టోన్ దీవి కొసన ఫోర్ట్ ఫ్లాగ్లర్. ఈ మూడింటి ఫిరంగుల మధ్య చిక్కిన ఓడ తప్పించుకోలేదన్న నమ్మకంతో ఈ చోటుకు 'ట్రయాంగిల్ ఆఫ్ ఫైర్' అని పేరు పెట్టారు. శత్రువు రాలేదు, ఫిరంగులు ఒక్కసారి కూడా శత్రు నౌక మీద పేలలేదు, 1953 నాటికి సైన్యం కోటలను విడిచిపోయింది. ఇప్పుడు మూడూ వాషింగ్టన్ రాష్ట్ర పార్కులు. ఫిరంగి వేదికలు, మందుగుండు గదులు, చీకటి నడవలు చాలావరకు తలుపులు తెరిచి, ఎవరైనా వెళ్ళి తిరిగేలా ఉన్నాయి.

సియాటిల్ పక్కన రెడ్‌మండ్, బెల్‌వ్యూ, బాథెల్ ప్రాంతాల్లో ఉన్న మన తెలుగు కుటుంబాలు వీటిలో ఒక్క ఫోర్ట్ వార్డెన్‌కే ఎక్కువగా వెళ్ళడం నేను గమనించాను. పోర్ట్ టౌన్‌సెండ్ అందమైన పట్టణం, కోట దానికి ఆనుకునే ఉంది, వెళ్ళడం తేలిక. అయితే అక్కడికి ముందుగా వెళ్ళినవారికి కనిపించేవి వరసగా ఖాళీ కాంక్రీటు గదులు మాత్రమే. అర్ధచంద్రాకారపు గుంటలు, ఎక్కడికీ చేరని మెట్లు, గోడలకు ఇనుప కడియాలు, పైకప్పులో చతురస్రపు రంధ్రాలు. ఇవన్నీ దేనికోసమో తెలియక పిల్లలు దాగుడుమూతలు ఆడుకుంటారు, పెద్దలు ఫొటోలు తీసుకుంటారు, గంటలో తిరిగి వచ్చేస్తారు. నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: ముందు ఫోర్ట్ కేసీ చూడాలి. అక్కడ నిజమైన ఫిరంగులు ఉన్నాయి. వాటిని చూసి, అవి ఎలా పనిచేసేవో అర్థం చేసుకుని, ఆ తరువాత ఫెర్రీ ఎక్కి వార్డెన్ వెళితే అక్కడి ఖాళీ గదుల్లో ప్రతి గోడా చదవడానికి వీలవుతుంది. మేము మామగారు, అత్తగారు, పిల్లలతో సెప్టెంబరులో ఈ వరుసలోనే తిరిగాము.

బాథెల్ నుంచి ముకిల్టియో వెళ్ళి అక్కడ ఫెర్రీ ఎక్కితే ఇరవై నిమిషాల్లో విడ్బీ దీవి మీది క్లింటన్ రేవు. ఈ ఫెర్రీకి ముందస్తు రిజర్వేషన్ లేదు, వరుసలో నిలబడాలి. వేసవి శనివారం ఉదయం తొమ్మిది దాటితే వరుస కొండ ఎక్కేస్తుంది కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరడం మంచిది. ఫెర్రీ వద్దనుకునేవారు ఉత్తరం నుంచి, 1935లో కట్టిన డిసెప్షన్ పాస్ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావచ్చు. దూరం బాగా పెరుగుతుంది, కానీ వంతెన చూడదగినదే.

కోట అనగానే మనకు గోల్కొండో, కొండవీడో, చంద్రగిరో మనసులో మెదులుతుంది. ఎత్తయిన గోడ, బురుజు, దర్వాజా ఉంటాయని ఎదురుచూస్తాము. ఫోర్ట్ కేసీ పార్కింగులో దిగితే అవేవీ కనబడవు. విశాలమైన పచ్చిక మైదానం, దాని చివర కొంచెం ఉబ్బెత్తుగా మట్టి కట్ట, అంతే. ఆ మట్టి కట్ట వెనక్కు నడిచి వెళ్ళినప్పుడే అది కట్ట కాదనీ, రెండంతస్తుల కాంక్రీటు కట్టడమనీ తెలుస్తుంది. 1885లో యుద్ధ మంత్రి ఎండికాట్ అధ్యక్షతన ఏర్పడిన బోర్డు అమెరికా తీరమంతటా కొత్త రక్షణ కట్టడాలను సిఫారసు చేసింది. ఎత్తయిన రాతి గోడల కాలం అప్పటికే తీరిపోయింది. అమెరికా అంతర్యుద్ధంలో కొత్తరకం ఫిరంగులు ఇటుక, రాతి కోటలను పిండి చేశాయి. కాబట్టి కోటను భూమిలో దాచి, ముందు మందమైన మట్టి, దాని వెనక కాంక్రీటు పెట్టి, సముద్రం మీద నుంచి చూసేవాడికి పచ్చిక తప్ప ఏమీ కనిపించకుండా కట్టారు.

ఫిరంగిని ఎలా దాచారన్నదే ఇక్కడి అసలు విశేషం. ఫిరంగులను బారుగా నిలిపే ఇలాంటి కట్టడాన్ని బ్యాటరీ అంటారు. బ్యాటరీ వర్త్ అనే వేదిక మీద పది అంగుళాల ఫిరంగులు రెండు ఉన్నాయి. వీటిని మోసే బండి పేరు బఫింగ్టన్-క్రోజియర్ డిసప్పియరింగ్ క్యారేజ్. ఫిరంగి గొట్టాన్ని రెండు బలమైన ఉక్కు చేతులు మోస్తుంటాయి, ఆ చేతుల అవతలి కొసకు గొయ్యిలోకి వేలాడే బరువు ఉంటుంది. ఫిరంగి కిందికి దిగి గోడ చాటున ఉన్నప్పుడు సిపాయిలు సుమారు 280 కిలోల గుండును, ఆపైన మందు సంచులను వెనక నుంచి కూరుతారు. కొక్కెం వదలగానే బరువు గొయ్యిలోకి దిగుతుంది, టన్నుల కొద్దీ బరువున్న గొట్టం గోడ మీదికి లేస్తుంది. పేల్చిన మరుక్షణం ఆ తాకిడికే గొట్టం వెనక్కు, కిందికి వంగి మళ్ళీ గోడ చాటుకు వచ్చేస్తుంది, దానితోపాటు బరువు పైకి లేచి తరువాతి గుండు కోసం కొక్కేనికి చిక్కుకుంటుంది. శత్రువుకు ఫిరంగి కనిపించేది ఆ కొన్ని క్షణాలు మాత్రమే. ఆవిరి యంత్రం, విద్యుత్తు ఏవీ లేకుండా, పేలుడు శక్తినే దాచుకుని మరుసటిసారి వాడుకునే ఏర్పాటు ఇది.

మా మామగారు విశాఖ పోర్టులో మెకానికల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన సమాచార ఫలకం చదవకముందే బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, చేతుల కింద వంగి చూసి, "ఇది మన ఏతమే కదమ్మా! నీళ్ళ బానకు బదులు ఫిరంగిని లేపుతోంది" అన్నారు. బరువుకు బరువు తూచి మనిషి శ్రమ తగ్గించే సూత్రం రెండింటిలోనూ ఒకటే కాబట్టి, ఆ మాట తరువాత పిల్లలకు నేను వేరే వివరించవలసిన అవసరం రాలేదు. వేసవి వారాంతాల్లో స్వచ్ఛంద సేవకులు ఫిరంగుల దగ్గర నిలబడి సందర్శకులను తిప్పి చూపుతారు. వారి వివరణ వినడానికి సమయం కేటాయించుకోవలసిందిగా చెబుతాను. ఫలకాలు బాగున్నాయి గాని, గుండు ఏ గదిలో నుంచి ఏ దారిన పైకి వచ్చేదో వేలితో చూపించి చెప్పే మనిషికి అవి సాటి రావు.

ఈ ఫిరంగులు మొదట ఇక్కడివి కావు. కేసీలో ఉన్న అసలు ఫిరంగులను సైన్యం ఎప్పుడో తీసుకుపోయింది. ఇప్పుడున్నవి ఫిలిప్పీన్స్‌లో సూబిక్ అఖాతపు గ్రాండే దీవి మీద ఉన్న ఫోర్ట్ వింట్‌వి. 1941 చివర జపాన్ సైన్యం దాడి చేసినప్పుడు అమెరికా ఆ కోటను వదులుకుంది, యుద్ధం ముగిశాక కూడా ఫిరంగులు అక్కడే పడి ఉన్నాయి. 1960లలో వాటిని ఓడ మీద తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. ఇనుప బండి మీద గుండు ముక్కలు తగిలిన గుంటలు ఇప్పటికీ కనబడతాయి. అంటే ఈ మూడు కోటలలో యుద్ధం రుచి చూసిన వస్తువులంటూ ఉంటే అవి సముద్రం దాటి వచ్చినవే. మామగారు ఆ గుంటల మీద చేయి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు పట్నం పట్నమంతా సామాన్లు కట్టుకుని పల్లెలకు తరలిపోయిన సంగతి ఆయన తన తండ్రిగారి నోట విన్నారు. విశాఖ బీచ్ రోడ్డు మీద కోస్టల్ బ్యాటరీ అనే చోటు మీదుగా తిరిగినవారికి, జాలరిపేట దగ్గర ఇసుకలో ఒరిగిన ఆనాటి కాంక్రీటు బంకరును చూసినవారికి ఫోర్ట్ కేసీ మరీ పరాయిగా అనిపించదు.

కేసీలో ఇంకా రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, అడ్మిరాల్టీ హెడ్ దీపస్తంభం. కార్ల్ లైక్ రూపకల్పన చేయగా 1903లో పూర్తయిన ఈ తెల్లని కట్టడం 1922లో దీపం ఆర్పేసింది. ఇప్పుడు చిన్న మ్యూజియంగా ఉంది, మెట్లెక్కి పైకి వెళ్ళవచ్చు. తెరిచే వేళలు కాలాన్ని బట్టి మారతాయి కాబట్టి ముందుగా చూసుకోవాలి. రెండవది, గాలిపటాలు. సముద్రం మీద నుంచి ఎదురులేని గాలి ఈ మైదానం మీదికి వీస్తుంది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి తెచ్చుకున్న పటాలు అటక మీద పెట్టినవారు ఇక్కడికి తీసుకురావచ్చు. మైదానం సమంగా ఉండడం వల్ల అత్తగారికి మోకాళ్ళ నొప్పి ఉన్నా ఏ ఇబ్బందీ లేకుండా తిరిగారు. ఫిరంగి వేదిక కింది అంతస్తు వరకు నేల చదునుగా ఉంటుంది, పైకి మాత్రం నిటారు మెట్లు.

ఇక్కడ బస చేయాలా అంటే, నేను వద్దనే చెబుతాను. కేసీ క్యాంపింగు స్థలం సముద్రపు ఒడ్డున, ఫెర్రీ రేవుకు పక్కనే ఉంది. దృశ్యం గొప్పది, కానీ చెట్ల నీడ లేదు, గాలికి అడ్డు లేదు, ఫెర్రీ శబ్దం ఉంది. అంతకన్నా ముఖ్యమైనది, కూప్‌విల్ దగ్గర నౌకాదళపు విమానస్థలం ఒకటుంది. విమానవాహక నౌక మీద దిగే అభ్యాసం కోసం గ్రౌలర్ జెట్ విమానాలు అక్కడ చుట్లు కొడతాయి, ఒక్కోసారి రాత్రి పొద్దుపోయేదాకా. ఆ శబ్దం పసిపిల్లలు తట్టుకోగలిగేది కాదు. అభ్యాసాల వారపు వేళాపట్టికను నౌకాదళం ముందే ప్రకటిస్తుంది. పగటిపూట వెళ్ళేవారు కూడా అది చూసుకుని వెళితే మంచిది.

కేసీ గేటు దాటితే చాలు, కూప్‌విల్ ఫెర్రీ రేవు. అక్కడి నుంచి పోర్ట్ టౌన్‌సెండ్‌కు ముప్ఫై అయిదు నిమిషాల ప్రయాణం. ఈ మార్గంలో నడిచే ఓడలు చిన్నవి కాబట్టి కారుకు రిజర్వేషన్ చేయించుకోవాలి. చోట్లన్నీ ఒకేసారి విడుదల చేయరు. కొన్ని రెండు వారాల ముందు, కొన్ని రెండు రోజుల ముందు కూడా వస్తాయి, అందువల్ల మొదటిసారి దొరకకపోతే నిరాశపడి మానుకోనక్కరలేదు. ఇన్‌లెట్‌లో ఆటుపోట్ల వడి ఎక్కువగా ఉన్న రోజుల్లో కొన్ని వేళల ఓడలను రద్దు చేయడం మామూలే. ఆ వడి ఎంతటిదో ఓడ రేవు విడిచిన అయిదు నిమిషాలకే తెలుస్తుంది, నీరు నదిలా ఒక పక్కకు పరుగెడుతుంటుంది. ప్రయాణంలో పైఅంతస్తుకు ఎక్కి రెండు ఒడ్డులనూ చూడవలసిందిగా ప్రత్యేకంగా కోరుతున్నాను. వెనక కేసీ, ముందు వార్డెన్ ఒడ్డున పాయింట్ విల్సన్ దీపస్తంభం, ఎడమచేతివైపు మారోస్టోన్ దీవి. ముక్కోణం నడుమ, శత్రు నౌక ఉండవలసిన చోట మీరుంటారు. ఎంత వెతికినా ఏ ఒడ్డునా ఒక్క కాంక్రీటు గోడ కనబడదు. కట్టినవాళ్ళ పనితనం అక్కడ అర్థమవుతుంది.

ఫోర్ట్ వార్డెన్‌కు ఆ పేరు అంతర్యుద్ధకాలపు మోనిటర్ అనే ఇనుప కవచపు నౌకను నడిపిన జాన్ వార్డెన్ మీద వచ్చింది. 1902లో సైన్యం ఇక్కడ స్థిరపడింది. 1953 తరువాత కొంతకాలం రాష్ట్రం దీన్ని బాలనేరస్థుల సంస్కరణ కేంద్రంగా వాడింది, 1973లో పార్కు అయింది. మూడింటిలో ఇదే పెద్ద ఊరు. విశాలమైన పెరేడ్ మైదానం, దానికి ఒక వైపు అధికారుల ఇళ్ళ వరుస, ఎదురుగా సిపాయిల బ్యారక్‌లు, తీర ఫిరంగిదళ మ్యూజియం, వెనక ఆర్టిలరీ హిల్ అనే కొండ, కింద సముద్రపు ఒడ్డున బ్యాటరీ కింజీ.

ఇక్కడ సమయం తక్కువైతే కింజీ ఒక్కటి చూసినా చాలు. తక్కిన పెద్ద బ్యాటరీలు కొండ మీద ఉంటే ఇది మాత్రం ఒడ్డు దగ్గర, దీపస్తంభానికి కూతవేటు దూరంలో ఉంది. ఇందులో పన్నెండు అంగుళాల ఫిరంగులు రెండు ఉండేవి. కేసీలో చూసిన యంత్రం మనసులో ఉంటే ఇక్కడి ఖాళీలన్నీ నిండుతాయి. అర్ధచంద్రాకారపు గుంట బండి తిరిగిన చోటు. మధ్యలో గొయ్యి బరువు దిగిన చోటు. గోడల్లో దిగేసిన లావుపాటి ఇనుప కడియాలు ఫిరంగిని తాళ్ళతో లాగి అమర్చేందుకు. కింది అంతస్తు గదుల పైకప్పున ఇనుప పట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. గుండును వాటికి వేలాడదీసి తోసుకుంటూ లిఫ్టు దాకా తెచ్చేవారు. లిఫ్టు ఎక్కిన గుండు పైకప్పులోని రంధ్రం గుండా ఫిరంగి అంతస్తుకు చేరేది. గోడల్లో అక్కడక్కడా చిన్న గూళ్ళు కనబడతాయి, అవి దీపాల కోసం. మందు గదిలోకి నిప్పు రాకూడదు కాబట్టి దీపాన్ని గూటిలో అద్దం వెనక ఉంచి వెలుతురును మాత్రమే లోపలికి పంపేవారు. మా చిన్నవాడు టార్చిలైటును అలాంటి గూటిలో పెట్టి, నిజంగానే గదంతా వెలుతురు పడుతుందో లేదో పరీక్షించాడు. పడింది.

ఈ గదుల్లో కటిక చీకటి. ఫోనులో ఉండే దీపం సరిపోదు. మనిషికొక మంచి టార్చిలైటు ఉండాలి, పిల్లలకు తలకు కట్టుకునేవి ఇంకా నయం. వానాకాలంలో నేల మీద నీళ్ళు నిలుస్తాయి, పైకప్పు నుంచి సున్నం కారి సన్నని తెల్లని పుల్లలుగా గడ్డకట్టింది, తలుపులున్న చోట్ల గడపలు ఎత్తుగా ఉన్నాయి. వీటికంటే పెద్ద ప్రమాదం పైన, పగటి వెలుతురులోనే ఉంది. ఫిరంగి వేదికల అంచులకు చాలాచోట్ల కమ్మీలు లేవు. పచ్చిక మీద పరుగెత్తుకుంటూ వచ్చిన పిల్లవాడికి ఆ పచ్చిక ఒక కాంక్రీటు కట్టడపు కప్పు అనీ, నాలుగడుగులు వేస్తే దాని అంచు అనీ తెలియదు. కట్టడాన్ని కనబడకుండా దాచిన నేర్పే ఇక్కడ ప్రమాదమైంది. పదేళ్ళలోపు పిల్లలను పైఅంతస్తులో చేయి పట్టుకునే నడిపించాలి, ఇందులో మొహమాటం పనికిరాదు.

ఆర్టిలరీ హిల్ ఎక్కడానికి అత్తగారు రాలేదు, మామగారు నెమ్మదిగా వచ్చారు. దారి బాగుంది గాని ఎక్కుడు ఎక్కువే. పైన చెట్లు కమ్మేసిన అడవిలో వరుసగా బ్యాటరీలు. వాటిలో ఫిరంగులు ఉన్న కాలంలో సముద్రం బాగా కనబడాలని కొండను బోడి చేసి ఉంచారు, సైన్యం పోయాక అడవి తిరిగి వచ్చింది. నిలువు గుంటల్లా ఉండే మోర్టార్ బ్యాటరీలను చూడడం మరవకండి. ఒక్కో గుంటలో నాలుగేసి పన్నెండు అంగుళాల మోర్టార్లు ఉండేవి, గుంటలో ఉన్న సిపాయికి ఆకాశం తప్ప సముద్రం కనిపించేది కాదు. గుండు బాగా ఎత్తుకు లేచి, ఓడ పక్క గోడల మందపు కవచాన్ని తప్పించుకుని, పలచగా ఉండే పైతట్టు మీద నిట్టనిలువునా పడాలన్నది ఆలోచన. మరి గురి ఎలా? తీరం వెంట దూరదూరంగా ఉన్న పరిశీలన గదుల నుంచి ఒకే ఓడను ఇద్దరు చూసి, కోణాలు టెలిఫోనులో చెబితే, లెక్కల గదిలో కూర్చున్నవారు త్రికోణమితితో ఓడ స్థానం కట్టి, గుండు చేరేసరికి అది ఎక్కడుంటుందో ఊహించి గుంటకు ఆజ్ఞ పంపేవారు. పదో తరగతిలో మనం చేసిన ఎత్తులు-దూరాల లెక్కలే ఇవి. పెద్దమ్మాయి తన ఫోనులోని దిక్సూచితో రెండు చోట్ల నుంచి ఫెర్రీ కోణాలు రాసుకుని దూరం కట్టే ప్రయత్నం చేసింది. అలాంటి పనికి ఇంతకంటే తగిన చోటు లేదు.

ఈ కొండ మీదే భూమిలో ఇరవై లక్షల గాలన్ల నీటి తొట్టి ఒకటి ఉంది. నిప్పు అంటుకుంటే ఆర్పడానికి కట్టింది. ఖాళీ అయిన తరువాత దానిలో శబ్దం సుమారు 45 సెకన్లు మోగుతుందని గ్రహించి, 1988లో సంగీతకారులు లోపలికి దిగి రికార్డు చేశారు. ఊరికే వెళ్ళేవారికి అది మూసే ఉంటుంది. మందుగుండు గదుల్లోనూ ప్రతిధ్వని బాగానే ఉంటుంది కాబట్టి మామగారు అక్కడొక త్యాగరాజ కీర్తన పల్లవి అందుకున్నారు, అటుగా వచ్చిన ఇద్దరు అపరిచితులు ఆగి పూర్తయ్యేదాకా విన్నారు.

వార్డెన్ కట్టడాలు అన్ని శత్రువులనూ తట్టుకునేలా కట్టినా రెండింటిని ఊహించలేదు. యుద్ధనౌకల ఫిరంగులు ఇంకా దూరం కొట్టడం నేర్చాయి, ఆకాశంలో విమానాలు వచ్చాయి. పైకప్పు లేని ఫిరంగి గుంటకు విమానం నుంచి దాపు ఉండదు. మొదటి ప్రపంచయుద్ధకాలంలోనే ఇక్కడి ఫిరంగులు చాలావాటిని పెరికి ఐరోపా రణరంగం కోసం తీసుకుపోయారు, మిగిలినవి రెండో యుద్ధకాలానికి ఇనుప తుక్కు అయ్యాయి. ఆ తరువాతి ఆలోచన ఎలా ఉందో చూడాలనుకునేవారు విడ్బీ దీవి మీదే కేసీకి ఉత్తరాన ఫోర్ట్ ఈబీకి వెళ్ళవచ్చు, అది 1942 నాటిది. అయితే ఈ మూడూ చూసేవారికి అది తప్పనిసరి కాదు.

బస విషయంలో వార్డెన్ అధికారుల ఇళ్ళు పెద్ద ఆకర్షణ. వందేళ్ళు దాటిన చెక్క ఇళ్ళు, ఎత్తయిన పైకప్పులు, ముందు వరండాలో కూర్చుంటే మైదానం, దాని అవతల చెట్లు. వంటగది పూర్తిగా అమర్చి ఉంటుంది, గదులు ఎక్కువ కాబట్టి రెండు మూడు కుటుంబాలు కలిసి తీసుకుంటే ఖర్చు గిట్టుబాటవుతుంది. శాకాహారులకు ఈ వంటగది చాలా విలువైనది. రైస్ కుక్కరు, పోపుల పెట్టె తెచ్చుకుంటే చాలు, పట్టణంలోని కో-ఆపరేటివ్ దుకాణంలో కూరగాయలు, పెరుగు, పప్పులు దొరుకుతాయి. పడక గదులు ఎక్కువగా మేడ మీద ఉంటాయి కాబట్టి, పెద్దవారితో వెళ్ళేవారు కింద పడక ఉన్న ఇల్లు అడిగి తీసుకోవాలి. బసల నిర్వహణ ఇటీవలి సంవత్సరాల్లో చేతులు మారింది, అందువల్ల పాత సమాచారం మీద ఆధారపడకుండా రాష్ట్ర పార్కుల వెబ్‌సైటులోనే చూసుకోవడం మంచిది. ఈ ప్రాంతానికి మునుపు వచ్చినప్పుడు పట్టణంలో ఒక ప్రైవేటు అద్దె ఇంట్లో దిగాము. వివరణలో చెప్పని మెట్లు, పనిచేయని హీటరు, ఫోను ఎత్తని యజమాని. కోట లోపల బసకు దానికంటే కాస్త ఎక్కువైనా నేను అక్కడే ఇష్టపడతాను. ఉదయం ఆరింటికి సందర్శకులు ఎవరూ రాకముందే కింజీ దాకా నడిచి వెళ్ళే అవకాశం అక్కడ ఉన్నవారికే దొరుకుతుంది.

ఫోర్ట్ ఫ్లాగ్లర్‌కు పోర్ట్ టౌన్‌సెండ్ నుంచి అఖాతం చుట్టి అరగంటకు పైగా రోడ్డు ప్రయాణం. దారిలో పోర్ట్ హాడ్‌లాక్‌లో సరుకులు కొనుక్కోవాలి, ఆ తరువాత నార్డ్‌లాండ్‌లో చిన్న దుకాణం తప్ప ఏమీ లేదు. దారి దాటించే ఇండియన్ దీవి నిండా నౌకాదళపు మందుగుండు నిల్వలే, కంచె అవతల ఏమీ కనబడదు. పాత మందుగుండు గదులను చూడటానికి వెళుతూ, ఇప్పటికీ పనిచేస్తున్న వాటి పక్కనుంచి పోతున్నామన్న సంగతి నేను పిల్లలకు చెప్పాను.

మూడింటిలో ఫ్లాగ్లర్ బాగా ప్రశాంతమైనది. పద్నాలుగు వందల ఎకరాలు దాటిన అడవి, మూడు వైపులా నీరు. ఒడ్డు మీద వరుసగా బ్యాటరీలు ఉన్నాయి, జనం బాగా తక్కువ. బ్యాటరీ వాన్స్‌బరోలో మూడు అంగుళాల ఫిరంగులు రెండు ఉన్నాయి, ఇవి కూడా ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవే. ఇంత చిన్నవి ఎందుకని అడిగిన చిన్నవాడికి మామగారే జవాబు చెప్పారు. పెద్ద ఫిరంగి పెద్ద ఓడ కోసం. వడిగా దూసుకొచ్చే టార్పెడో పడవలను, నీటిలో పరిచిన మైన్లను ఏరివేయడానికి వచ్చేవారిని ఆపడానికి త్వరత్వరగా తిప్పి కొట్టగలిగినవి కావాలి. కేసీ ఫిరంగులను చూసి, వార్డెన్ గదులను చూసి, ఇక్కడికి వచ్చేసరికి ఆ ఏర్పాటంతా ఒక లెక్కగా అమరింది. మూడు రకాల ఆయుధాలు, మూడు దూరాలు, ఒక నీటిదారి.

ఇక్కడ కూడా పాత సైనిక గృహాలను అద్దెకిస్తారు. వార్డెన్ ఇళ్ళ దర్జా వీటికి లేదు, సామాను సాదాగా ఉంటుంది, రాత్రి ఎనిమిదికి కాఫీ కావాలంటే మనమే కలుపుకోవాలి. కానీ పెద్దవారికి మెట్ల బాధ తక్కువ, జింకలు వాకిట్లో మేస్తాయి, ఇసుక దిబ్బ మీద పిల్లలు తడి ఇసుకతో ఎంతసేపైనా ఆడుకోవచ్చు. అత్తగారిని అడిగితే ఆమెకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. ఒక్క మాటలో చెప్పవలసి వస్తే, చూడటానికి కేసీ, తిరగడానికి వార్డెన్, ఉండటానికి ఫ్లాగ్లర్ అంటాను. ఒక్క రాత్రే ఉండగలిగినవారు, వంట చేసుకునే ఓపిక లేనివారు మాత్రం వార్డెన్‌లోనే దిగాలి.

ఖర్చుల సంగతి క్లుప్తంగా. మూడు పార్కులకూ కారుకు డిస్కవర్ పాస్ కావాలి, ఒక రోజుకు 10 డాలర్లు. ఆ ఒక్క పాస్ ఆ రోజు మూడింటిలోనూ చెల్లుతుంది. ఏడాదిలో తరచుగా పార్కులకు వెళ్ళేవారికి వార్షిక పాస్ లాభం. పార్కులో రాత్రి బస చేసేవారికి ఆ పార్కులో వేరే పాస్ అక్కరలేదు. క్యాంపింగు స్థలాలు తొమ్మిది నెలల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు. వేసవి వారాంతాలు ఆ తొలి రోజుల్లోనే అయిపోతాయి, కానీ సెప్టెంబరు రెండో వారం తరువాత పనిదినాల్లో తేలికగా దొరుకుతాయి. ఒలింపిక్ పర్వతాల చాటున ఉండటంతో ఇక్కడ సియాటిల్‌లో పడే వానలో సుమారు సగమే పడుతుంది, కాబట్టి శరదృతువులో కూడా ధైర్యంగా రావచ్చు. గాలికి మాత్రం జులైలోనైనా మందపాటి జాకెట్ ఉండాలి.

తిరుగు ప్రయాణానికి ఫ్లాగ్లర్ నుంచి హుడ్ కెనాల్ మీద నీటిపై తేలే వంతెన దాటి కింగ్‌స్టన్ చేరి, ఎడ్మండ్స్ ఫెర్రీ ఎక్కడం దగ్గర దారి. వచ్చిన దారినే వెనక్కు పోవడంకన్నా ఇది నయం. బాంగోర్ నౌకాదళ స్థావరం నుంచి జలాంతర్గాములు వచ్చి పోయేటప్పుడు వంతెనను మధ్యలో తెరుస్తారు, అప్పుడు కార్లు అరగంటకు పైగా ఆగిపోవచ్చు. ఫెర్రీ వేళకు సరిగ్గా లెక్కపెట్టుకుని కాకుండా గంట ముందే బయలుదేరితే మంచిది. ఆదివారం మధ్యాహ్నం మూడు దాటాక కింగ్‌స్టన్‌లో వరుస పట్టణం బయటికి సాగుతుంది, కాబట్టి ఆ రోజు ఉదయమే ఫ్లాగ్లర్ చూసుకుని భోజనం వేళకు కింగ్‌స్టన్ చేరేలా ఏర్పాటు చేసుకోండి.